రెండవ పూట ఎవరిది?

మొన్న సాయంత్రం మా ఎదురింటి అమ్మాయి ఒక కాగితం చేతబట్టుకొని వచ్చింది. అమ్మాయి అంటే చిన్నపిల్ల కాదు. ఏడవ తరగతి చదువుతున్న కూతురున్న తల్లి. ఇంటివద్ద కుట్టుమిషను పెట్టుకొని రవికలు కుడుతుంది. "మాస్టారూ, పాప బడినుంచి వచ్చింది. అంతా ఇంగ్లీషులో ఉంది. ఏమి వ్రాశారో కాస్త చెప్పండి" అన్నది.

కళ్లజోడు పెట్టుకొని చదివాను. రెండు పుటల కాగితం. మొదటి పుటలో వార్షిక పరీక్షల పట్టిక. రెండవ పుటలో బకాయి ఉన్న ఫీజు, వచ్చే సంవత్సరపు పుస్తకాల వెల, యూనిఫారానికి కొలతలు ఇవ్వవలసిన తేదీ. అన్నిటికంటె అడుగున, అన్నిటికంటె పెద్ద అక్షరాలతో, ఆరు ఏడు ఎనిమిది తరగతుల పిల్లలకు వేసవిలో ఐఐటీ ఫౌండేషన్ తరగతులు, వాటికి డబ్బు కట్టవలసిన ఆఖరు తేదీ. ఒక్కొక్కటే తెలుగులో చెప్పాను. ఆమె విని కాసేపు ఊరుకొన్నది. "అన్నీ మేము ఇవ్వవలసినవేనా మాస్టారూ? ఒంటిపూట బడులు వచ్చాయి గదా, మధ్యాహ్నంపూట పిల్లదానిచేత ఏమి చేయించమన్నారు?" అని అడిగింది.

కాగితం తిప్పి మళ్లీ చూశాను. ఆ సంగతి ఎక్కడా లేదు.

ముప్పైనాలుగేళ్లు బడిపంతులుగా పనిచేశాను. నా సర్వీసులో ఒక్క తల్లిగాని తండ్రిగాని నన్ను ఈ ప్రశ్న అడుగలేదు. అడిగి ఉంటే జవాబు చెప్పగలిగేవాణ్ణి కాను. అందుచేత ఇప్పుడు వ్రాస్తున్నది ఎవరినో తప్పుపట్టడానికి అనుకోవద్దు. ఈ లెక్కలో నా బాకీయే ఎక్కువ ఉంది.

ఈ ఉగాదితో పరాభవ నామ సంవత్సరం వచ్చింది. వెనుకటి పరాభవలో, అంటే 1966లో, నేను పలకా బలపం పట్టుకొని ఒకటవ తరగతిలో కూర్చున్నాను. అరవయ్యేళ్ల చక్రం ఒక చుట్టు తిరిగింది. ఇన్నేళ్లలో బడులలో మారనివి ఏవని లెక్కవేస్తే ఒంటిపూట బడి వాటిలో ఒకటి. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ మార్చి 15న ఈ బడులు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉదయం 7.45 నుండి, తెలంగాణలో 8 గంటల నుండి, రెండు చోట్లా 12.30 వరకు. బడి అయ్యాక అన్నం పెట్టి పంపిస్తారు. ఎండలు ముదిరినప్పుడు మధ్యలో నీళ్లు తాగించడానికి వేరే గంట కొట్టడం ఈ మధ్య వచ్చిన మంచి అలవాటు. ఇంతవరకు బాగానే ఉంది. ఒంటిపూట అన్నప్పుడు మనం ఆ ఒక్క పూటనే చూస్తున్నాము. రెండవ పూట ఒకటి మిగిలి ఉంటుందని, అది పన్నెండేళ్ల పిల్లవాడి చేతిలో దాదాపు ఆరు వారాలపాటు పడి ఉంటుందని, దాని వెనుకనే ఇంకొక ఏడు వారాల సెలవులు వస్తాయని ఏ కాగితమూ చెప్పదు.

అసలు వసంతంలో బడి చూపంతా పదవ తరగతి మీద ఉంటుంది. ఇది నేను లోపలినుండి చూచిన సంగతి. 2025లో పదవ తరగతి పరీక్షలు ఆంధ్రలో మార్చి 17న, తెలంగాణలో మార్చి 21న మొదలయ్యాయి. ఆ రెండు వారాలూ పంతుళ్లలో సగంమంది ఇన్విజిలేషనుకు పోతారు. తరువాత స్పాట్ అని మరికొందరు పోతారు. మిగిలినవారు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి "చదువుకోండి, అల్లరి చేయకండి" అంటారు. క్లాసు లీడరు సుద్దముక్క పుచ్చుకొని మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డుమీద వ్రాస్తాడు. ఆ వారమంతా జరిగే తెలుగు వ్రాతపని అదే. ఇక పరీక్షా కేంద్రాలైన బడులలో పిల్లల అవస్థ చెప్పనక్కరలేదు. తెలంగాణలో ఆ బడులకు మధ్యాహ్నం 1 గంటనుండి 5 వరకు బడి. ఎండ తగలకూడదని పెట్టిన ఒంటిపూట, అక్కడ సరిగా ఎండపూటే అవుతుంది.

నడిమి తరగతుల పిల్లలకు ఎప్పుడూ ఇదే గతి. చిన్నవాళ్లు కారు, ముద్దు చేయడానికి. పెద్దవాళ్లు కారు, భయపడడానికి. వాళ్లకు వసంతంలో పెద్ద పరీక్ష ఏదీ లేదు కాబట్టి వాళ్లకు వసంతమే లేదన్నట్లు నడుపుతాము. విద్యాహక్కు చట్టం మాత్రం వాళ్లను మరచిపోలేదు. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1నుండి అమలుకు తెచ్చిన ఆ చట్టంలో ఆరు నుండి ఎనిమిది తరగతులకు సంవత్సరానికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలని వ్రాశారు. ఒకటి నుండి ఐదు వరకు 200 దినాలు చాలునన్నారు. అంటే నడిమి పిల్లలకు ఇరవై రోజులు ఎక్కువే ఇచ్చారు. మనం ఆ ఇరవై రోజులనూ, ఇంకో ఇరవైనీ, పేర్లు బోర్డుమీద వ్రాయించడంలో గడిపి రిజిస్టరులో పనిదినాలుగా చూపిస్తున్నాము. ఆ రిజిస్టర్లు వ్రాసినవాణ్ణే నేను కూడా.

ఇక్కడ నా బాకీ సంగతి చెప్పాలి.

2011లో నేను పల్నాడులో ఒక ఊళ్లో, ఏడవ తరగతి వరకే ఉన్న ప్రాథమికోన్నత పాఠశాలలో ద్వితీయశ్రేణి తెలుగు పండితుణ్ణి. (పండితుల పదోన్నతుల గొడవ వేరే పురాణం; అది ఇక్కడ విప్పితే ఇక ముడిపడదు.) ఎనిమిదికి పక్క ఊరి హైస్కూలుకు పోవాలి. ఏడవ తరగతిలో ఒక పిల్ల ఉండేది. పద్యం అప్పజెప్పమంటే మిగిలినవాళ్లలాగా ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ విరిచేది కాదు. పదం తెలిసికొని విరిచేది. అది నేర్పితే రాదు. పిల్లల చెవిలో ఉండాలి. ముప్పైనాలుగేళ్లలో అటువంటి చెవి ఉన్న పిల్లలు నాకు పదిమందికి మించి తగులలేదు.

ఆ మార్చిలో మిరపకోతలు జోరుగా ఉన్నాయి. గుంటూరు ప్రాంతం ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ఫిబ్రవరినుండి ఏప్రిల్ దాకా పల్నాడంతా ఎర్రగా ఉంటుంది. ఎక్కడో కర్నూలు జిల్లా పడమటి మండలాలనుండి కుటుంబాలకు కుటుంబాలు కోతలకు వలసవస్తాయి. ఒంటిపూట బడి కాగానే ఆ పిల్ల బడిలో అన్నం తిని, తల్లితోపాటు కోతకు పోయేది. సగం రోజు, సగం కూలి. నాకు తెలుసు. తెలిసి, ఉదయం వస్తున్నది కదా అని ఊరుకొన్నాను. తరువాత నాకు వేరే మండలంలో ఇన్విజిలేషను పడింది. రెండు వారాల తరువాత తిరిగివచ్చి చూస్తే హాజరుపట్టీలో ఆ పేరుకెదురుగా వరుసగా ఎనిమిది గైర్హాజరులున్నాయి. రెండవ పూట మెల్లగా మొదటి పూటను కూడా పట్టుకొన్నది. "కోతలు అయిపోతే అదే వస్తుందిలెండి" అన్నాడు తోటి ఉపాధ్యాయుడు. నేనూ అదే అనుకొన్నాను. వాళ్ల ఇల్లు బడికి ఎంతో దూరం లేదు. పోలేదు.

ఎవరినీ తప్పించకూడదన్న నియమం అప్పటికి ఉంది గనుక కాగితంమీద ఆ పిల్ల ఏడు గట్టెక్కింది. హైస్కూలుకు ఇవ్వవలసిన టీసీ నా చేతితోనే వ్రాశాను. వ్రాసి బీరువాలో పెట్టాను. ఆ బీరువాలోనే బడి గ్రంథాలయ పుస్తకాలు కూడా ఉండేవి. ఆఖరి పనిదినానికి ముందే పిల్లలనుండి పుస్తకాలన్నీ వెనక్కు తెప్పించి, సంఖ్య సరిచూచుకొని, తాళం వేసికొన్నాను. ఒక్క పుస్తకం పోతే తనిఖీలో నా జీతంలో కోస్తారని భయం. జూన్‌లో బడి తెరిచి బీరువా తీస్తే పుస్తకాలన్నీ ఉన్నాయి. టీసీ కూడా ఉన్నది. దాన్ని తీసికొనడానికి ఎవరూ రాలేదు. రెండేళ్లకు ఆ పిల్లకు పెళ్లి చేశారని విన్నాను.

పిల్లలు ఇంటిపనిలో, పొలంపనిలో చేయివేయడాన్ని నేను తప్పనను. మేమందరం చేసినవాళ్లమే. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ కూడా బడి వేళల తరువాత, సెలవులలో, సొంత కుటుంబపు పనిలో సాయపడడానికి ఒప్పుకొన్నది. నేను చూచిన చిక్కు ఆ మాటలోనే ఉన్నది. బడి వేళలు సగమైతే "బడి వేళల తరువాత" అన్నది రెండింతలవుతుంది. మిరపచేను ఆ పూటను ఖాళీగా ఉండనివ్వదు. పట్నంలోనైతే ఫౌండేషన్ క్లాసు ఉండనివ్వదు. మిగిలినచోట సెల్‌ఫోను చూచుకొంటుంది. బడి ఒక్కటే ఆ పూటను అడుగదు.

ఫౌండేషన్ అంటే పునాది. ఆరవ తరగతి పిల్లవాడికి పునాది ఏమిటని నన్నడిగితే, తన భాషలో ఒక పుట వ్యాసం తడుముకోకుండా చదవడం, చదివినదాన్ని నాలుగు వాక్యాలలో చెప్పడం, భిన్నాలు కూడడం అంటాను. ఇవి లేకుండా మే నెల ఎండలో గది తలుపులు బిగించి వేసేది పునాది కాదు. ఇంటికి పైకప్పు ముందు వేసి గోడలు తరువాత కట్టవచ్చునని చెప్పే మేస్త్రీని మనం నమ్మము. ఇక్కడ మాత్రం అప్పు తెచ్చి కడుతున్నాము.

సరే, ఎదురింటి అమ్మాయి ప్రశ్నకు జవాబు ఏమిటి? నాకు తోచినది చెబుతాను.

2020 జాతీయ విద్యావిధానంలో ఆరు నుండి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలందరికీ పదిరోజుల పాటు సంచి లేని చదువు ఉండాలని ఉంది. ఆ పది రోజులు వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, చిత్రకారుడు వంటి ఊరి పనివాళ్లవద్ద పిల్లలు కూర్చొని పని చూడాలి, చేయాలి. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ దానికి మార్గదర్శకాలు కూడా వేసింది. విధానంలో మిగిలినవాటి గురించి నాకు వేరే అభిప్రాయాలున్నాయి గాని ఈ ఒక్క మాటకు నమస్కారం పెడతాను. ఈ పది రోజులు ఎప్పుడు పెట్టాలి? అన్ని నెలలలోకీ ఈ ఒంటిపూట నెలే తగినదని నా అభిప్రాయం. ఊళ్లో చేతిపనులన్నీ కళకళలాడే కాలమిది. కుమ్మరికి నీళ్ల కుండల గిరాకీ ఇప్పుడే. తాటాకు విసనకర్రలు కట్టేది ఇప్పుడే. ఇంటింటా చింతపండు కొట్టి గింజ తీసేది, ఆవకాయకు కారం దంచేది, ముంజెలు చెక్కేది ఈ వారాలలోనే. పొద్దున ఏడున్నరకు బడికి వచ్చిన పిల్లలను ఎండ ఎక్కకముందే సారె దగ్గరకు తీసికొనిపోయి, పదకొండు కొట్టేలోపల వెనక్కు తేవచ్చు. పదవ తరగతి పరీక్షకు పోయిన పంతుళ్లు లేకపోయినా ఇది నడుస్తుంది. ఇద్దరు పంతుళ్లు, నలుగురు తల్లులు చాలు.

తెలుగు పంతులుగా నాకు ఇందులో ఒక స్వార్థం ఉంది. ఏడవ తరగతి పిల్లకు సారె అంటే పుట్టింటివారు పెట్టే సారె ఒక్కటే తెలుసు. మట్టి తిరిగే సారె తెలియదు. కుండలు కాల్చే ఆవం తెలియదు. మిరప కల్లంలో పెరిగిన పిల్లకు తాలుకాయ అంటే తెలుసు, టిక్కీ అంటే తెలుసు. కాని ఆ మాటలు వ్రాతలో పెట్టదగినవని ఎవరూ చెప్పలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదాలను ఊరూరా సేకరింపజేసి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని 1962లో తెచ్చారు. రైతుల నోళ్లలోని మాటలే దానికి ఆధారం. ఒక్కొక్క పిల్ల ఒక్కొక్క పనివాడివద్ద పాతిక మాటలు వ్రాసికొని రావాలని అంటే, ఆ పని ఆరవ తరగతి పిల్లలు చేయగలరు. నా మాట నమ్మండి, వాక్యనిర్మాణం మీద నేను చెప్పిన పాఠాలన్నిటికంటె దానిలో వాళ్లకు ఎక్కువ వస్తుంది. కోతకు పోయే పిల్ల కూడా ఆ రోజు తరగతిలో అందరికంటె ఎక్కువ తెలిసినదిగా నిలబడుతుంది. ఇటువంటిది 2011లో నాకు తట్టలేదు.

పొద్దుటిపూట సంగతి అది. రెండవ పూట నీడపట్టున కూర్చొనే పూట. దానికి పుస్తకం కావాలి. 2024లోనూ 2025లోనూ రెండు రాష్ట్రాలలో బడుల ఆఖరి పనిదినం ఏప్రిల్ 23. యునెస్కో 1995లో ప్రపంచ పుస్తక దినోత్సవంగా నిర్ణయించిన రోజు కూడా అదే. మనం పుస్తకాలు వెనక్కు తీసికొని బీరువాకు తాళం వేసే కాలం అన్నమాట! తాళం వేసినవాళ్లలో నేనున్నాను కాబట్టి అనే అధికారం నాకుంది: ఆ రోజు బీరువా ఖాళీ కావాలి. పిల్లకు రెండేసి పుస్తకాలు ఇచ్చి పంపాలి. జూన్ 12న తెరిచేటప్పటికి నూటికి పది పోతాయి, పోనివ్వండి. పురుగు తినే పుస్తకాలు అంతకంటె ఎక్కువే.

బడి ఇవ్వకపోతే ఊరి గ్రంథాలయం ఉంది. ఇది చెప్పినప్పుడు ఎదురింటి అమ్మాయి "దానికెంత కట్టాలి?" అన్నది. ఆమె ఇదివరకే కడుతున్నది. 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. ఆంధ్రలో జిల్లా గ్రంథాలయ సంస్థలు ప్రతి ఏడూ పిల్లలకు వేసవి విజ్ఞాన శిబిరాలు కూడా నడుపుతున్నాయి. కథలు చదివించడం, బొమ్మలు, ఆటలు. కొన్ని శాఖలలో బాగా జరుగుతాయి, కొన్నిటిలో మొదటి రోజు ఫొటోతో సరి. తల్లులు నలుగురు రోజూ పోయి కూర్చొంటే ఫొటోతో సరిపెట్టడం కష్టమవుతుంది. 1935లో మా గుంటూరు సీమలోనే పాతూరి నాగభూషణంగారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువమీద పడవలో పుస్తకాలు వేసికొని ఊళ్లకు పంపారు. పుస్తకం ఇంటిముందుకు వచ్చిన సీమలో ఇప్పుడు మనమే రెండు వీథులు నడచి పోవడం బరువైంది.

ఒక కబురు ప్రత్యేకంగా ఏడవ తరగతి పిల్లలున్నవారికి. జాతీయ ఉపకార వేతన పరీక్ష, ఎన్‌ఎంఎంఎస్ అంటారు, ఎనిమిదవ తరగతిలో వ్రాయాలి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. తల్లిదండ్రుల వార్షికాదాయం మూడున్నర లక్షలు మించకూడదు. ఎంపికైతే తొమ్మిదినుండి ఇంటరు దాకా ఏటా 12,000 రూపాయలు. అయితే ఆ పరీక్షకు కూర్చోవాలంటే ఏడవ తరగతిలో నూటికి 55 మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50. అంటే దాని మొదటి మెట్టు ఈ ఏప్రిల్‌లోనే ఉంది. పరీక్షలేని తరగతి, తప్పించని తరగతి అని మనం చులకనగా చూచే ఏడవ తరగతి మీద నాలుగేళ్ల నలభై ఎనిమిది వేలు ఆధారపడి ఉన్నాయి. ఇది ఏ బడి ఇంటికి వ్రాసి పంపింది? మిరపకోతకు పోయే తల్లికి ఈ లెక్క చెప్పి ఉంటే, సగం కూలితో సరిచూచుకొని ఆమెయే ఆలోచించి ఉండేదేమో. ఆమెకు లెక్క రాదని మనమే అనుకొన్నాము.

అలాగే ఏడుతో ఆగిపోయే బడుల పిల్లల విషయంలో టీసీ ఇంటికి ఇవ్వడం కాదు, పంతులే పిల్లను వెంటబెట్టుకొని పక్క ఊరి హైస్కూలుకు పోయి చేర్చి రావాలి. సెలవులకు ముందే, ఏప్రిల్‌లోనే. జూన్‌కు మాటలు మారిపోతాయి. వలసపోయే కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు ఉన్నాయని ఆ కుటుంబాలు ఊరు విడిచాక కాదు, విడువకముందు చెప్పాలి. ప్రభుత్వ బడులలో యాజమాన్య కమిటీ అని ఒకటి ఉంటుంది. చట్టం ప్రకారం అందులో నూటికి డెబ్బైఐదుమంది తల్లిదండ్రులే. సంతకాలకు పిలిచినప్పుడు పోయి, సంతకం పెట్టేముందు ఈ సంగతులు అడుగవచ్చు. మాట్లాడడానికి ఇంగ్లీషు అక్కరలేదు.

ఎదురింటి అమ్మాయికి ఆ రాత్రే ఒక ఉత్తరం వ్రాసి ఇచ్చాను. తెలుగులో. బడినుండి వచ్చే కబుర్లు తెలుగులో కూడా పంపవలెనని, సెలవులకు పాపకు రెండు కథల పుస్తకాలు ఇప్పించవలెనని, పరీక్షల తరువాత మిగిలిన రోజులలో ఒక్క పూటైనా పిల్లలను దగ్గరలో ఉన్న కుమ్మరుల ఇళ్లకు తీసికొని పోవలెనని, ఫౌండేషన్ తరగతులలో పాపను చేర్చడం లేదని. ఆఖరి వాక్యం ఆమె వద్దన్నది. పాపను తరువాత వేరుగా చూస్తారేమోనని భయం. కొట్టివేశాను. మిగిలినదాన్ని ఆమె తన చేతితో తిరిగి వ్రాసికొన్నది. ఎన్నేళ్లకు వ్రాసిందో, అక్షరాలు గుండ్రంగా, ఓపికగా ఉన్నాయి.

ఉత్తరం ఇచ్చి పదిరోజులైంది. చూద్దామన్నారట. పాప మాత్రం రోజూ మూడు గంటలకు మా వరండాలోకి వస్తున్నది. బీరువా తెరిచే ఉంచుతున్నాను. నిన్న ఒక పుస్తకం చివరి రెండు పుటలు ఊడి తిరిగి వచ్చింది. అతికించి మళ్లీ అందులోనే పెట్టాను.